దీపం ఆరిపోయేలా చూడమన్నాం



మన అంబాసిడర్ కారు మందిరం పక్కన రేకుల షెడ్డులో మూడు వారాలుగా దిమ్మల మీద నిలబడి ఉంది. ఇంజను కింద గోనెపట్టా, దాని నిండా నల్లటి మరకలు. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ అందరూ అటు ఒకసారి తొంగి చూసి, "అయ్యగారూ, నడుస్తున్న బండిని ఎందుకు విప్పించారు?" అని అడుగుతున్నారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు, కువైట్‌లో ఉన్న తమ్ముళ్లు ఫోన్లలో అదే అడిగారు. ఒకరిద్దరు పెద్దలైతే కొంచెం గట్టిగానే అన్నారు: "చిక్కటి ఆయిలు పోసుంటే ఇంకో రెండేళ్లు లాగేది కదా?"

వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. మంగళవారం, శుక్రవారం మన సంఘంలోని ఒక పెద్దమ్మను డయాలసిస్‌కి 36 కిలోమీటర్లు తీసుకెళ్లి, తిరిగి తీసుకొచ్చేది ఈ కారే. కారు ఆగిందని ఆమె ప్రయాణం ఆగడానికి వీల్లేదు. అలాంటప్పుడు బండిని విప్పించడం తేలిక నిర్ణయం కాదు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాయడం మంచిదనిపించింది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పాత ఇంజనులో ఆయిల్ ప్రెషర్ పడిపోయినప్పుడు, ఎందుకు పడిందో తెలుసుకోకుండా చిక్కటి ఆయిలు పోసి నడపడం తప్పు. ముందు కొలవాలి. కొలిచాక ఖర్చు తక్కువ ఉన్న చోటు నుంచి మొదలుపెట్టి వెతకాలి. బండి చెప్పే మాటను నొక్కేసి, బండి బాగుందనుకోకూడదు. ఇది మేము పుస్తకం చదివి చెబుతున్నది కాదు. ఏడు నెలలు ఆ తప్పు చేసి చెబుతున్నది.

కారు సంగతి కొత్తవాళ్లకు తెలియదు కాబట్టి రెండు మాటలు. ఇది 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్. మన ఊరి హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి ప్రభువునందు నిద్రించిన ఒక పెద్దాయన కుటుంబం పదకొండేళ్ల క్రితం సంఘానికి ఇచ్చింది. దీనిలో ఉన్నది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్ అంటారు. అంబాసిడర్‌లోకి ఇది 1959లో వచ్చింది. అంతకుముందే, 1955లో, ఎంజిఏ అనే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకి కూడా ఇదే ఇంజను కుటుంబం పెట్టారు. అంటే మన పెళ్లిళ్లకి, ఆసుపత్రికి, పొరుగూరి కూటాలకి తిరిగిన ఈ ముసలి బండికి దొరల దేశంలో షోకైన చుట్టాలున్నారన్నమాట. ఉత్తరపారాలో ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. అయినా సామాను వెతుక్కుంటే దొరుకుతూనే ఉంది.

ఇక మా తప్పు దగ్గరికి వస్తాం. పోయిన ఆగస్టులో రైల్వే గేటు దగ్గర బండి ఆగినప్పుడు ఎర్ర దీపం మిణుకుమిణుకుమని వెలగడం మొదలైంది. ఈ బండిలో ఆయిల్ మీటరు లేదు, ఆ దీపమే ఉంది. గేటు ఎత్తాక, కాస్త రేస్ చేస్తే ఆరిపోయేది. మేము పట్నంలో ఒక గ్యారేజీకి తీసుకెళ్లాం. ఆ శనివారం సంఘంలో పెళ్లి. పెళ్లికూతురిని తీసుకురావాల్సింది ఈ కారులోనే. మా నోటితో మేము అన్న మాట ఇదీ: "బాబూ, ఏం చేస్తారో తెలియదు, శనివారానికల్లా ఈ దీపం ఆరిపోయేలా చూడండి."

వాళ్లు చూశారు. దీపం ఆరిపోయింది. శనివారం పెళ్లి జరిగింది, మేము సంతోషించాం. ఆ గ్యారేజీ వాళ్లను ఒక్క మాట అనడానికి మాకు నోరు లేదు. ఇంజను బాగుచేయమని మేము అడగలేదు. దీపం ఆర్పమన్నాం, ఆర్పారు.

ఏడు నెలలు గడిచాయి. మార్చిలో ఒక శుక్రవారం ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాం. మధ్యాహ్నం ఎండ. మళ్లీ అదే రైల్వే గేటు. వెనక సీట్లో పడుకున్న పెద్దమ్మ తల ఎత్తి, "అయ్యగారూ, అడుగునుంచి కొట్టుకుంటోంది, వినపడలేదా?" అంది. ఆమె భర్త ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైనాయన. ముప్పై ఏళ్లు ఇంజను కబుర్లు విన్న చెవులు అవి. చెవి పెట్టి వింటే నిజమే. పైన వాల్వుల దగ్గర వచ్చే సన్నటి టిక్‌టిక్ కాదు. లోపలెక్కడో, అడుగున, మూసిన తలుపు మీద పిడికిలితో కొట్టినట్టు ఉంది. దీపం చూశాం. ఆరిపోయే ఉంది.

ఈసారి పట్నం వెళ్లలేదు. పాతికేళ్లకు పైగా టాక్సీ స్టాండులో అంబాసిడర్లు బాగుచేసి, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్న ఒక భాయ్ గారిని పిలిచాం. ఆయన మమ్మల్ని ఫాదర్ గారు అంటారు. కాదండీ, మేము పాస్టర్లమని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాం. ఆయన బానెట్ ఎత్తలేదు, పానా తీయలేదు. "ఫాదర్ గారూ, తాళం తిప్పండి. స్టార్ట్ మాత్రం చేయకండి" అన్నారు. తిప్పాం. ఛార్జింగు దీపం వెలిగింది. ఆయిలు దీపం వెలగలేదు.

"ఇప్పుడు వెలగాలండి ఆ దీపం. ఇంజను తిరగట్లేదు, ప్రెషర్ ఎక్కడిది? ఇప్పుడు వెలగలేదంటే ఇంకెప్పుడూ వెలగదు" అన్నారాయన. బానెట్ ఎత్తి చూపిస్తే, ఆయిల్ స్విచ్చికి వచ్చే వైరు ఊడదీసి, కొసకి నల్ల టేపు చుట్టి పక్కకి కట్టి ఉంది. ఏడు నెలలపాటు రోజూ పొద్దున్నే తాళం తిప్పిన చెయ్యి మాదే. వెలగాల్సిన సమయంలో వెలగని దీపాన్ని రోజూ చూసిన కళ్లూ మావే. ఆరిపోయి ఉందని సంతోషించామే గానీ, అసలు వెలుగుతోందా అని ఒక్కరోజూ చూడలేదు. మన యూత్ లీడర్ తమ్ముడు దీని మీద ఒక హాస్యం వేశాడు: "అయ్యగారూ, పదిమంది కన్యకల ప్రసంగంలో దీపం ఆరిపోతే ప్రమాదం, మన బండిలో ఆరకపోతే ప్రమాదం." అప్పుడు నవ్వలేకపోయాం. ఇప్పుడు నవ్వొస్తోంది.

మీ ఇంట్లో కారున్నా, ట్రాక్టరున్నా రేపు పొద్దున్నే ఈ పరీక్ష చేసుకోండి. తాళం తిప్పి, స్టార్ట్ చేయకముందు ఆ ఎర్ర దీపం వెలుగుతోందా చూడండి. స్టార్ట్ చేశాక రెండు మూడు సెకన్లలో ఆరాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

వైరు తిరిగి తగిలిస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఆ దీపం వెలిగేది ప్రెషర్ సాధారణంగా ఐదారు పౌండ్లకు దిగిపోయాకే. చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని లెక్క. మెకానిక్కులు ఉత్తి పౌండ్లు అంటారు. నలభై నుంచి పదికి పడిపోయినా దీపం నోరు విప్పదు. పైగా స్విచ్చే చెడిపోయి ఉండొచ్చు, వైరు ఎక్కడో బాడీకి తగులుతూ ఉండొచ్చు. అలాంటప్పుడు ఇంజను నిక్షేపంగా ఉన్నా దీపం వెలుగుతుంది. అందుకే మొదటి పని దీపాన్ని నమ్మడమూ కాదు, కొట్టిపారేయడమూ కాదు. స్విచ్చి విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజి ట్యూబు బిగించి చూడడం. కరెంటుతో పని లేని గేజి అది, ఆయిలే నేరుగా వచ్చి ముల్లును కదుపుతుంది. భాయ్ గారి పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంది. ఎన్నేళ్ల నాటిదో.

కొలిచేటప్పుడు కూడా ఒక పద్ధతుంది. పొద్దున్నే చల్లటి ఇంజను మీద చూసి "యాభై ఉంది, బాగుంది" అంటే మోసపోయినట్టే. చల్లటి ఆయిలు చిక్కగా ఉంటుంది, అరిగిపోయిన ఇంజనులో కూడా ముల్లు లేస్తుంది. ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి, ఆయిలు బాగా వేడెక్కాక, ఐడిలింగులో ఒకసారి, రోడ్డు మీద వెళ్లే స్పీడుకి రేస్ చేసి ఒకసారి చూడాలి. 20డబ్ల్యు-50 ఆయిలుకి 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీల దగ్గర మిగిలేది సుమారు తొమ్మిదో వంతు. అసలు సంగతి బయటపడేది అక్కడే.

మన బండి లెక్క ఇదీ. చల్లగా ఉన్నప్పుడు 52. వేడెక్కాక రోడ్డు స్పీడులో 22. వేడి ఐడిలింగులో 6. భాయ్ గారి లెక్క ప్రకారం ఈ ఇంజను వేడి మీద ఐడిలింగులో 15 ఇస్తే సంతోషం, 10 కిందకి దిగితే ఆలోచించాలి, రోడ్డు మీద 40 దాటాలి.

ఈ ప్రెషర్ అంటే ఏమిటో మేము కూడా తప్పుగానే అనుకునేవాళ్లం. పంపు ప్రెషర్ తయారు చేస్తుందనుకున్నాం. పంపు చేసేది ఆయిలును తోయడమే. తోసిన ఆయిలు ఇరుకు దారుల్లో వెళ్లలేక వెనక్కి ఒత్తితే వచ్చేదే ప్రెషర్. మన ఊరి ట్యాంకు నీళ్లు గుర్తు తెచ్చుకోండి. దిగువ వీధిలో నాలుగు కుళాయిలు తిరగలు ఊడి ధారగా పోతుంటే, ఎగువ వీధిలో బిందె నిండదు. ట్యాంకు దగ్గర మోటారు చెడిపోలేదు. నీళ్లు మధ్యలోనే పోతున్నాయి. ఇంజనులో ఆ కుళాయిలే బేరింగులు. ఈ ఇంజనులో క్రాంకుని పట్టుకునే మెయిన్ బేరింగులు మూడు. కనెక్టింగ్ రాడ్ల అడుగున ఉండే బిగ్ ఎండ్ బేరింగులు నాలుగు. కొత్తగా ఉన్నప్పుడు క్రాంకుకీ బేరింగుకీ మధ్య సందు ఒకటి రెండు థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తలవెంట్రుక దాదాపు మూడు థౌల మందం ఉంటుంది. అంటే వెంట్రుక కూడా దూరని సందులో ఆయిలు పొర పరుచుకుని, ఇనుము ఇనుముకి తగలకుండా ఆపుతోంది. అరిగి ఆ సందు పెద్దదైతే ఆయిలు ధారగా జారిపోతుంది. పైగా బిగ్ ఎండ్‌లకి ఆయిలు వెళ్లేది మెయిన్ బేరింగులు దాటి, క్రాంకు లోపల తొలిచిన సన్నటి దారుల్లోంచి. అవి కాలవ శివారు పొలాల్లాంటివి. ఎగువన గండి పడితే ముందు ఎండేది శివారే. శివారు రైతులకు ఇది మేము చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చిక్కటి ఆయిలు సంగతి. దీని మీదే మాకూ పెద్దలకూ వాదన జరిగింది కాబట్టి కొంచెం ఆగి మాట్లాడదాం.

చిక్కటి ఆయిలు పోస్తే ముల్లు లేస్తుంది, నిజమే. సందు అలాగే ఉన్నా ఆయిలు తొందరగా జారదు కాబట్టి లేస్తుంది. కానీ మనకు కావాల్సింది ముల్లు లేవడం కాదు, శివారుకి ఆయిలు అందడం. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిలు పంపు జల్లెడలోంచి లాగబడి, సన్నటి దారులన్నీ దాటి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ బేరింగులు ఎండు మీద తిరుగుతాయి. అలా రోజూ కొంచెం కొంచెం అరుగుతుంటే, గేజి మాత్రం అంతా బాగుందని చెబుతుంటుంది. వైరుకి టేపు చుట్టడానికీ దీనికీ పెద్ద తేడా మాకు కనిపించలేదు. మొదటిదాంట్లో దీపం నోరు కట్టేశాం, రెండోదాంట్లో గేజి నోరు కట్టేస్తాం.

ట్రాక్టరు నడిపే ఒక సహోదరుడు మంచి మనసుతోనే "గేరు బాక్సుకి పోసే 90 ఆయిలు కలపండి అయ్యగారూ, 50 కంటే చాలా చిక్కన" అన్నాడు. ఇది మన ఊళ్లలో చాలామంది నమ్మే మాట. గేరు ఆయిలు నంబర్లు వేరే కొలబద్ద. గేరు ఆయిలు 90 అంటే చిక్కదనంలో ఇంజను ఆయిలు 40, 50లకి దగ్గరగానే ఉంటుంది. చిక్కదనం పెరగకపోగా, గేరు పళ్ల కోసం కలిపే గంధకం మందులు ఇంజను లోపలి రాగి, కంచు భాగాలకి పడకపోవచ్చు. ఇంజను ఆయిలులో మురికిని పట్టి ఉంచే గుణం దానికి లేదు.

అయితే ఒక్క సందర్భంలో చిక్కటి ఆయిలే సరైన మందు. ఈ కాలపు కార్లకి పోసే పల్చటి ఆయిలు, 5డబ్ల్యు-30 లాంటిది, ఎవరో తెలియక ఈ పాత ఇంజనులో పోశారనుకోండి. దాన్ని దించి మన ఎండలకు తగిన 20డబ్ల్యు-50 పోయడం దాచిపెట్టడం కాదు, దిద్దడం. కాబట్టి పెద్దలు చెప్పినదాన్ని మేము పూర్తిగా కొట్టేయలేదు. ముందు లోపల ఏ ఆయిలుందో చూద్దాం అన్నాం.

చూశాం. గేజి పుల్ల తీసి లెవెలు చూశాం, గుర్తు దగ్గరే ఉంది. వాసన చూశాం. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉండే బండ్లలో దాని డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు చాంబరులోకి దిగి ఆయిలును పల్చన చేస్తుంది. అప్పుడు లెవెలు తగ్గకపోగా పెరుగుతుంది. ఆయిలు పెరిగిందని సంతోషించేవాళ్లుంటారు, వాళ్ల కోసం ఈ మాట. మన ఆయిలులో పెట్రోలు వాసన లేదు. పాతబడిన ఆయిలు దించి, ఫిల్టరు మార్చి, కొత్త 20డబ్ల్యు-50 పోసి మళ్లీ ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చాం. ఐడిలింగులో 6 కాస్తా 8 అయింది. అంతే.

తర్వాత రిలీఫ్ వాల్వు. ఇంజను ఎడమ పక్క, వెనక భాగంలో గుండ్రటి టోపీ లాంటి నట్టు ఉంటుంది. అది విప్పితే లోపల ఒక స్ప్రింగు, దాని కొసన చిన్న గిన్నెలాంటి వాల్వు. ప్రెషర్ 50 పౌండ్ల చుట్టుపక్కలకి వెళ్లినప్పుడు ఇది తెరుచుకుని ఎక్కువైన ఆయిలును చాంబరులోకి వదిలేస్తుంది. దాని కింద చెత్త ఇరుక్కున్నా, గీతలు పడినా మూసుకోదు, ఆయిలు ఎప్పుడూ కారిపోతూనే ఉంటుంది. పది నిమిషాల పని, ఖర్చు లేదు. అందుకే ఇంజను విప్పేముందు దీన్ని చూడాలి. మన బండిలో అది విప్పితే స్ప్రింగు వెనక రెండు వాషర్లు బయటపడ్డాయి. స్ప్రింగుని గట్టి చేయడానికి ఎవరో పెట్టినవి. భాయ్ గారు వాటిని అరచేతిలో పెట్టుకుని నవ్వారు. "50 దాటితే తెరుచుకునే తలుపుకి ఇంకో గడియ పెట్టారు ఫాదర్ గారూ. 6 దగ్గర ఆ తలుపు మూసే ఉంది కదా!" నిజమే. వేడి ఐడిలింగులో పడిపోయే ప్రెషర్‌కి ఈ వాషర్లు చేసేదేమీ లేదు. చల్లటి ఆయిలు మీద పొద్దున్నే ముల్లును ఇంకాస్త ఎత్తి చూపిస్తాయి, అంతే. వాషర్లు తీసి, వాల్వు కడిగి, కొత్త స్ప్రింగు వేసి చూశాం. ఐడిలింగులో మళ్లీ అదే 8.

ఇక్కడిదాకా అయిన ఖర్చు ఆయిలు, ఫిల్టరు, స్ప్రింగు. ఇక్కడే ఆగిపోదామని మాకూ అనిపించింది, దాచడం ఎందుకు. ఆ రాత్రి మా ఇంట్లో అమ్మగారే అడిగారు: "ఆ చప్పుడు ఆగిందా?" ఆగలేదు.

చప్పుడు ఎక్కడిదో భాయ్ గారు ఇంజను విప్పకుండానే చాలావరకు చెప్పారు. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క ప్లగ్గు వైరు తీసి చూశారు. మూడో సిలిండరు ప్లగ్గు తీసినప్పుడు చప్పుడు తగ్గింది. ఆ సిలిండరులో మంట లేకపోతే ఆ రాడ్డు మీద దెబ్బ లేదు, అందుకని బేరింగు కొట్టుకోవడం తగ్గుతుంది. ఆయన ఇంజను ఆపి, "చాంబరు దించాల్సిందే" అన్నారు.

చాంబరు దించాక కనిపించినవి రెండు. పంపు ఆయిలు లాక్కునే జల్లెడ సగం మూసుకుపోయి ఉంది. నల్లటి జిగురు మురికి, దాంట్లో ఎప్పుడో ఎవరో ప్యాకింగుకి పూసిన గమ్ము తునకలు. ప్యాకింగు కారకూడదని ఎంత ఎక్కువ గమ్ము పూస్తే అంత మంచిదనుకుంటాం. బయటికి పొంగింది మనకు కనిపిస్తుంది, లోపలికి పొంగింది ఊడి జల్లెడ దగ్గర చేరుతుంది. రెండోది, మూడో బిగ్ ఎండ్ బేరింగు. పైన ఉండాల్సిన వెండి రంగు పొర పోయి కింద రాగి రంగు బయటపడింది. ఒక చోట గోరు తగిలేంత గాడి. మిగతా మూడూ మసకబారాయి గానీ అంత కాదు. పంపు మూత తీసి ఫీలర్ గేజితో చూస్తే అరుగుదల ఉండాల్సిన లెక్కలోనే ఉంది. పంపు మార్చేద్దామని మొదట్లో తొందరపడ్డవాళ్లలో మేమూ ఉన్నాం. మార్చి ఉంటే డబ్బు పోయేది, 8 అలాగే ఉండేది.

క్రాంకు ఇప్పుడు లేత్ వర్క్‌షాపులో ఉంది. మైక్రోమీటరుతో కొలిస్తే మూడో జర్నల్ గుండ్రం తప్పింది. ఇంతకుముందు ఒకసారి 10 థౌలకి గ్రైండింగ్ అయి ఉంది, ఇప్పుడు 20కి వెళ్లాలి. దానికి సరిపడా బేరింగులు దొరుకుతున్నాయి. చప్పుడు వచ్చిన రోజే ఆపకుండా ఇంకో నెల నడిపి ఉంటే రాడ్డే విరిగి ఇంజను పక్కగోడ పగిలేదని భాయ్ గారు అన్నారు. అంత జరిగేదో లేదో మేము చెప్పలేం. కానీ జరిగేదైతే ఎక్కడ జరిగేదో మాత్రం తెలుసు. వెనక సీట్లో డయాలసిస్ నుంచి తిరిగొస్తున్న మనిషి ఉండగా, ఆ 36 కిలోమీటర్లలో ఎక్కడో.

మన పిల్లలు కొందరు "అమ్మేసి పాత వ్యాను కొందాం" అంటున్నారు. కొందరు 50 ఏళ్లు దాటింది కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్ కారుగా రిజిస్టరు చేయిద్దామన్నారు. ఆ నిబంధన ప్రకారం వింటేజ్ బండిని రోజువారీ పనికి వాడకూడదు. ప్రదర్శనలో నిలబెట్టడానికి మనకి కారు అక్కర్లేదు. అమ్మే సంగతి సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడాల్సింది. మా వరకు ఒకటే పట్టుదల: అమ్మినా, బాగుచేసి అమ్మాలి. లేదా లోపం చెప్పి అమ్మాలి. 90 ఆయిలు పోసి కొనేవాడికి చల్లటి ఇంజను మీద స్టార్ట్ చేసి చూపించే పని మన సంఘం పేరుతో జరగకూడదు.

బిగించేటప్పుడు మేము దగ్గరుండి చూడబోయేవి కొన్నున్నాయి. క్రాంకు లోపలి ఆయిలు దారులు గ్రైండింగ్ పొడి లేకుండా కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి, ఆ తర్వాతే బిగించాలి. పంపు ఎండుగా ఉండకూడదు, ఆయిలుతో నింపి పెట్టాలి. ప్లగ్గులు తీసేసి గేజి ముల్లు లేచేదాకా సెల్ఫ్ మీద తిప్పి, ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయాలి. గేజి ఇక డ్యాష్‌బోర్డు కిందే శాశ్వతంగా ఉంటుంది, దీపం వైరు కూడా దాని చోట్లో అది ఉంటుంది. రెండూ కావాలి. గేజి వంక చూడడం మర్చిపోతాం, దీపం మర్చిపోనివ్వదు. గ్లవ్ బాక్సులో ఒక నోట్‌బుక్కు పెడుతున్నాం. నడిపినవాళ్లు వేడి ఐడిలింగు అంకె, తేదీ, కిలోమీటర్లు రాయాలి. మేము నడిపినా రాయాలి.

గ్రైండింగ్ ఖర్చు చీటీ కోశాధికారి గారి దగ్గర ఉంది, చూడాలనుకున్నవాళ్లు చూడొచ్చు. కారు రావడానికి ఇంకో పది రోజులైనా పడుతుంది. ఈ మూడు వారాలూ పెద్దమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆటో తమ్ముళ్లకీ, సొంత కారు పంపిన రైసుమిల్లు కుటుంబానికీ మా కృతజ్ఞతలు. వచ్చే శుక్రవారం వంతు ఖాయమైంది. మంగళవారం వంతు ఇంకా ఎవరూ తీసుకోలేదు. పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాలి, అక్కడ నాలుగైదు గంటలు ఉండాలి. వీలున్నవాళ్లు ఈ రాత్రికే మాకు గానీ అమ్మగారికి గానీ ఫోన్ చేయండి. ఏ బండి తెచ్చినా, ముందు తాళం తిప్పి ఆ దీపం ఒకసారి చూసి తీసుకురండి.